విదేశంలో ఉండి ఊరి బడికీ, పసిబిడ్డల వార్డుకీ సాయం చేయడం ఎలా?

మా చిన్న సంస్థ మొదలుపెట్టిన ఏడాది కొన్న మొదటి వస్తువు ఒక రేడియంట్ వార్మర్. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఒళ్ళు చల్లబడకుండా పైనుంచి వేడి ఇచ్చే యంత్రం అది. పదకొండు మంది స్నేహితులం నెలనెలా కొంత వేసుకుని, మా సొంత ప్రాంతంలోని ఒక ప్రభుత్వాస్పత్రికి ఇప్పించాం. రిబ్బను కత్తిరించిన ఫోటో వాట్సాప్‌లో వచ్చిన రాత్రి మా ఇళ్ళల్లో పండగే. ఏడాదిన్నర తర్వాత సెలవుకు వెళ్ళి చూస్తే వార్మర్ ఒక మూల గోడకు ఆనించి ఉంది, దాని మీద మడతపెట్టిన దుప్పట్లు ఉన్నాయి. ఒంటి వేడి కొలవడానికి బిడ్డ పొట్టకు అంటించే ప్రోబ్ తీగ తెగిపోయింది. కొత్తది ఎక్కడ దొరుకుతుందో అక్కడ ఎవరికీ తెలియదు, మేమూ చెప్పలేదు. స్టాకు రిజిస్టరులో ఎక్కించలేదు కాబట్టి రిపేరు చేయించే బాధ్యత కూడా ఎవరి మీదా లేదు.

ఆ రోజు వార్డు సిస్టర్ నన్ను లోపలికి తీసుకెళ్ళింది. ఒక చిన్న వయసు తల్లి వెనక ఆనుకోడానికి ఏమీ లేని ప్లాస్టిక్ స్టూలు మీద కూచుని ఉంది. రవికె లోపల, రొమ్ముల మధ్య, కేజీ నాలుగొందల గ్రాముల బిడ్డ. ఇద్దర్నీ కలిపి ఒక నూలు తువ్వాలుతో చుట్టారు. బిడ్డ నెత్తిన ఉన్న టోపీ, పెద్దవాళ్ళ సాక్సు పైభాగం కత్తిరించి ముడేసింది. ఆ అమ్మాయి కాసేపు కుడి పక్కకు, కాసేపు ఎడమ పక్కకు ఒరుగుతోంది, నడుం నొప్పి. "వార్మర్లు ఇంకో రెండు ఉన్నాయి సార్" అంది సిస్టర్. "తల్లులు కూచోడానికి కుర్చీలే లేవు."

తర్వాతి ఏడాది వెనక్కి వాలే కుర్చీలు తొమ్మిది కొన్నాం. ఇప్పటికీ వాడుతున్నారు. ఒకదానికి రెక్సిన్ చిరిగితే ఆస్పత్రి వాళ్ళే మళ్ళీ వేయించుకున్నారు.

అమెరికాలోనో, బ్రిటన్‌లోనో, గల్ఫ్‌లోనో ఉండి, నలుగురు కలిసి సొంత జిల్లాకు ఏదైనా చేయాలనుకుంటున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మొదటి ఏడాదే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అని నాకు అనిపించిన సంగతులే ఇవి.

ముందు వెళ్ళండి, చూడండి, అడగండి

సంస్థ పేరు, లోగో, వెబ్‌సైట్ ఇవన్నీ తర్వాత. ముందు ఒక మండలం ఎంచుకోండి. ఒకటే. మీలో కనీసం ఒకరికి అక్కడ బంధువులో, చదువుకున్న బడో ఉండాలి. ఏదైనా తేడా జరిగితే ఫోన్ చేస్తే అరగంటలో వెళ్ళి చూసి వచ్చే మనిషి ఒకరు అక్కడ లేకపోతే పని మొదలుపెట్టకండి.

పసిబిడ్డల విషయంలో కొంచెం చదువుకుని వెళ్ళాలి, లేకపోతే ఏం అడగాలో కూడా తెలియదు. 2022లో ప్రపంచంలో దాదాపు 23 లక్షల మంది పిల్లలు పుట్టిన నెలలోపే చనిపోయారు. ఐదేళ్ళలోపు పిల్లల మరణాల్లో ఇది దాదాపు సగం. కారణాల్లో పెద్దవి మూడు: నెలలు నిండకుండా పుట్టడం, కాన్పు సమయంలో ఊపిరి అందకపోవడం, ఇన్ఫెక్షన్లు. వీటిలో చాలా మరణాలను ఖరీదైన యంత్రం లేకుండానే ఆపొచ్చు. వెచ్చగా ఉంచడం, తల్లిపాలు, చేతుల శుభ్రం, పుట్టిన మొదటి నిమిషంలో బ్యాగ్, మాస్కుతో ఊపిరి అందించగలిగిన ఒక నర్సు ఉంటే చాలావరకు గండం గట్టెక్కుతుంది.

మన దగ్గర ఏర్పాటు ఇలా ఉంటుంది. ప్రసవాలు జరిగే ప్రతి ప్రభుత్వాస్పత్రిలో లేబర్ రూము పక్కనే న్యూబార్న్ కేర్ కార్నర్, అంటే పుట్టిన బిడ్డను చూసుకునే చోటు ఉండాలి. సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) స్థాయిలో ఎన్‌బీఎస్‌యూ అనే చిన్న యూనిట్, జిల్లా ఆస్పత్రిలో ఎస్ఎన్‌సీయూ అనే పసిబిడ్డల ప్రత్యేక వార్డు. బాగా బరువు తక్కువ పిల్లలు, ఆయాసపడే పిల్లలు ఎస్ఎన్‌సీయూకి వెళ్తారు. చిన్న సంస్థలు చాలావరకు ఎస్ఎన్‌సీయూ వైపే పరిగెడతాయి, ఫోటోలు అక్కడే బాగుంటాయి. నా మాట వింటే సీహెచ్‌సీకి వెళ్ళండి. అక్కడ బిడ్డ నిలదొక్కుకుంటే తల్లి జిల్లా కేంద్రానికి అంబులెన్సులో పరుగు పెట్టక్కర్లేదు.

వెళ్ళినప్పుడు సూపరింటెండెంట్ గదిలో టీ తాగి వచ్చేయకండి. ఆయన అనుమతి తీసుకుని, రాత్రి డ్యూటీ చేసే సిస్టర్‌తో పది నిమిషాలు మాట్లాడండి. ఆయాతో కూడా మాట్లాడండి. "ఏం కావాలి?" అని అడిగితే, అడిగింది దాత కాబట్టి, మొహమాటానికి పెద్ద యంత్రం పేరే చెప్తారు. "నిన్న రాత్రి ఏం లేక ఇబ్బంది పడ్డారు?" అని అడగండి. మాకు వచ్చిన జవాబులు: కరెంటు పోతే ఇన్వర్టర్ ఇరవై నిమిషాలే వస్తోంది. బిడ్డను తూచే కాటా బ్యాటరీ అయిపోయింది. చేతులు కడుక్కునే సింకుకి మోచేత్తో తిప్పే కుళాయి కావాలి. తల్లులకు రాత్రి అన్నం దొరకదు. ఈ నాలుగూ కలిపి ఒక వార్మర్ ఖరీదు కాలేదు.

ఆ రోజు స్టూలు మీద నేను చూసిన తల్లి చేస్తున్నదాన్ని కంగారూ మదర్ కేర్ అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇన్‌క్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టాల్సి వస్తున్నప్పుడు, ఎడ్గార్ రే అనే డాక్టర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. డైపరు, టోపీ తప్ప బట్టల్లేకుండా బిడ్డను తల్లి ఒంటికి నిటారుగా ఆనించి కట్టడం, తల్లిపాలు మాత్రమే పట్టడం, అంతే. 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఐదు దేశాల్లో జరిగింది, మన ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి కూడా అందులో ఉంది. కేజీ నుంచి కేజీ ఎనిమిదొందల గ్రాముల లోపు పిల్లల్ని, నిలదొక్కుకునే దాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి ఒంటికి చేర్చితే నెలలోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఆ మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, నెలలు నిండని, బరువు తక్కువ పిల్లలందరికీ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా చేయాలని చెప్పింది. ఎనిమిది గంటలు స్టూలు మీద ఎవరు కూచోగలరు? అందుకే కుర్చీ, తెర, రాత్రి భోజనం, బాత్‌రూమ్‌లో వేడినీళ్ళు, ఇవన్నీ వైద్యంలో భాగమే. తల్లి అలసిపోతే నాన్నో, అమ్మమ్మో కూడా బిడ్డను అలా కట్టుకోవచ్చు. ఆ మాట చెప్పి కూచోబెట్టే మనిషి వార్డులో ఉండాలి.

ఇంటి దగ్గర జరగాల్సింది ఇంకో సగం. ఆస్పత్రిలో కాన్పు అయిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికెళ్ళి చూడాలి. ఈ పద్ధతికి మూలం మనకు పక్కనే ఉంది. ప్రాణహితకు అవతలి ఒడ్డున మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ 1986లో సెర్చ్ అనే సంస్థ పెట్టి, ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, ఇంటిదగ్గరే పసిబిడ్డల సంరక్షణ చేయించారు. 1999లో వాళ్ళు ప్రచురించిన ఫలితాల్లో ఆ ఊళ్ళల్లో నెలలోపు మరణాలు 62 శాతం తగ్గాయి. మీ మండలంలో ఆశా కార్యకర్తల దగ్గర కాటాలు, థర్మామీటర్లు పనిచేస్తున్నాయో లేదో పీహెచ్‌సీలో అడగండి. వాటిని బాగుచేయించడం చాలా చిన్న ఖర్చు, చాలా పెద్ద పని. ఏజెన్సీ ప్రాంతమైతే ఇంకో మాట అడగండి: నెలలు నిండిన గర్భిణి ముందే వచ్చి ఉండే చోటు ఉందా? సాలూరులో గిరిశిఖర గర్భిణుల వసతి గృహం ఇందుకోసమే పెట్టారు. డోలీలో మోసుకొచ్చే బాధ తప్పుతుంది. అలాంటి చోట్ల మంచాలు, వంటసామాను, వచ్చిన వాళ్ళ వెంట ఉండే పిల్లలకు ఆటవస్తువులు ఎప్పుడూ కావాలి.

పాలపొడి డబ్బాలు, పాలసీసాలు మాత్రం పంచకండి. ఎంత మంచి మనసుతో ఇచ్చినా తప్పే. 1992 నాటి చట్టం ప్రకారం అనాథాశ్రమాలకు తప్ప ఇంకెవరికీ వాటిని దానం చేయకూడదు. తల్లిపాలు చాలని పిల్లల విషయం డాక్టరు చూసుకుంటారు. మీరు సాయం చేయాలనుకుంటే తల్లిపాల బ్యాంకుకు ఫ్రిజ్ కావాలేమో అడగండి. ముంబయి సయన్ ఆస్పత్రిలో 1989లోనే ఇలాంటి బ్యాంకు మొదలైంది.

బడి దగ్గర

బడి సంగతి మనందరికీ తెలుసనుకుంటాం, చదువుకున్నాం కదా. అక్కడే పొరపాటు పడతాం. మనం చదివిన బడి ముప్పై ఏళ్ళ కిందటిది. ఈమధ్య ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు, తెలంగాణలో మన ఊరు-మన బడి కింద చాలా బడులకు రంగులు, బెంచీలు, టాయిలెట్లు వచ్చాయి. కాబట్టి బెంచీలు ఇస్తామని ముందే అనేసుకోకండి.

మధ్యాహ్నం భోజనం అయ్యాక వెళ్ళండి. టాయిలెట్ తలుపు తీసి చూడండి. నీళ్ళు వస్తున్నాయా, లోపల గొళ్ళెం పడుతుందా, చెత్తబుట్ట ఉందా? ఒక హైస్కూల్లో టాయిలెట్లు కొత్తవే, టైల్స్ మెరుస్తున్నాయి, మోటారు కాలిపోయి నాలుగు నెలలైంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు కొందరు మధ్యాహ్నం ఇంటికెళ్ళి మళ్ళీ రావడం లేదు. హెడ్మాస్టారు మాతో కంప్యూటర్ల గురించే మాట్లాడుతున్నారు. లెక్కల టీచరమ్మ మమ్మల్ని గేటు దాకా సాగనంపుతూ, "ముందు మోటారు సంగతి చూడండి సార్, పిల్లలు నీళ్ళు తాగడం మానేస్తున్నారు" అని చెప్పింది. బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగకుండా ఉంటున్నారట. మేం మోటారు వేయించాం, దానితోపాటు స్టార్టరు పెట్టెకు తాళం, ఏడాదికి రెండుసార్లు ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేలా మాట కూడా తీసుకున్నాం.

చదువు వైపు పని చేయాలనుకుంటే పిల్లల చేత చదివించి చూడండి. ప్రథమ్ సంస్థ పిల్లల చదువు స్థాయి తెలుసుకోడానికి 2005 నుంచి అసర్ సర్వేలో వాడుతున్న పద్ధతి ఎవరైనా నేర్చుకోవచ్చు: అక్షరాలు, మాటలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఐదో తరగతి పిల్లలు ఎక్కడ ఆగుతున్నారో చూశాక ఏం కొనాలో మీకే తెలుస్తుంది. చాలాసార్లు పెద్దక్షరాల తెలుగు కథల పుస్తకాలు, వాటిని బీరువాలో పెట్టి తాళం వేయకుండా పిల్లల చేతికిచ్చే టీచరు, ఈ రెండూ ఉంటే ఆరు నెలల్లో తేడా కనబడుతుంది.

వలంటీరు టీచరుకు జీతం ఇవ్వాలనుకుంటే మాత్రం ఒకటికి పదిసార్లు ఆలోచించండి. జూన్ 12న బడి తెరిచిన రోజు నుంచి ఏప్రిల్ దాకా ఆ డబ్బు మొత్తం ముందే ఖాతాలో ఉండాలి. జనవరిలో చందాలు తగ్గాయని ఆపేస్తే పదో తరగతి పిల్లలు పరీక్షల ముందు నడి ఏట్లో మునుగుతారు. మేం ఒకసారి అలా ఆపాం. ఆ ఏడాది ఆ పిల్లల మొహాలు చూడలేకపోయాను.

ప్రభుత్వ బడికి ఇచ్చేదేదైనా ఆ బడి గుర్తింపు నంబరైన యూడైస్ కోడ్‌తో, బడి కమిటీ తీర్మానంతో ఇవ్వండి. కేంద్రం 2021లో తెచ్చిన విద్యాంజలి పోర్టల్‌లో బడులు తమకేం కావాలో తామే పెడుతున్నాయి. మీ మండలంలో ఏ బడి ఏం అడిగిందో ముందు అక్కడ వెతకండి.

డబ్బు ఏ దారిలో వెళ్ళాలి

అందరూ వాయిదా వేసేది ఇదే, తర్వాత టెన్షన్ పడేదీ దీని గురించే. నిదానంగా చదవండి.

విదేశం నుంచి భారతదేశంలోని సంస్థకు వెళ్ళే డబ్బుకు ఎఫ్‌సీఆర్‌ఏ అనే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. అది విదేశీ విరాళం అవునా కాదా అన్నది మీరు ఎక్కడ ఉంటున్నారన్నదాన్ని బట్టి తేలదు, మీ పాస్‌పోర్టును బట్టి తేలుతుంది. మీది ఇంకా భారతీయ పాస్‌పోర్టే అయితే, మీ సొంత పొదుపు నుంచి, మామూలు బ్యాంకు దారిలో ఇచ్చేది విదేశీ విరాళం కాదు. తీసుకునే సంస్థ మీ పాస్‌పోర్టు కాపీ దగ్గర పెట్టుకుంటే మంచిది. మీరు అమెరికన్ పౌరులైపోతే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, మీరిచ్చేది విదేశీ విరాళమే.

ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటుంది. నలుగురూ భారతీయ పాస్‌పోర్టు వాళ్ళే అయినా, అమెరికాలో ఒక సంస్థ రిజిస్టర్ చేసి, ఆ ఖాతాలో వేసి, అక్కణ్ణుంచి పంపితే అది విదేశీ సంస్థ డబ్బు. విదేశీ విరాళమే. మీ గుంపు చిన్నది, అందరివీ మన పాస్‌పోర్టులే అయితే, విదేశంలో సంస్థ పెట్టకుండా ఎవరికి వారు ఊళ్ళోని ట్రస్టుకు నేరుగా పంపడమే తేలిక. గల్ఫ్‌లో ఉన్న వాళ్ళకు ఇదే సరైన దారి. యూఏఈలో అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం నేరం, వాట్సాప్ గ్రూపులో అడిగినా సరే. దీనిమీద అక్కడ 2021లో కొత్త చట్టం కూడా తెచ్చారు. మీ జీతంలోంచి మీరు పంపుకోండి, గ్రూపులో వసూళ్ళు పెట్టకండి.

విదేశీ విరాళం తీసుకోవాలంటే ఇండియాలోని సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, లేదా ఒక నిర్దిష్ట దాత నుంచి నిర్దిష్ట మొత్తానికి ముందస్తు అనుమతి ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు సంస్థ పెట్టి మూడేళ్ళు నిండాలి, ఆ మూడేళ్ళలో అసలు పనుల మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చుపెట్టి ఉండాలి. అంటే నిన్న పెట్టిన ట్రస్టుకు రాదు. ఐదేళ్ళకోసారి రెన్యువల్. డబ్బు దిగాల్సింది ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే. ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లో, అంటే డిసెంబరు 31లోపు ఎఫ్‌సీ-4 రిటర్ను వేయాలి. 2020 సవరణతో ఇంకో రెండు మార్పులు వచ్చాయి. పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు. ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. హైదరాబాద్‌లోని పెద్ద సంస్థకు పంపి, వాళ్ళ ద్వారా మీ ఊరి ట్రస్టుకు చేర్పించే పాత పద్ధతి ఇక కుదరదు. తీసుకున్న సంస్థే ఆ పని చేయాలి.

కాబట్టి కొత్తవాళ్ళకు నా సలహా: మీ జిల్లాలో ఇప్పటికే పని చేస్తున్న, ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ఒక సంస్థను వెతకండి. హోంశాఖ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ బతికే ఉందో లేదో చూడండి. వాళ్ళ గత మూడేళ్ళ ఆడిట్ నివేదికలు అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడితో ఆపేయండి. బడి కమిటీ ఖాతాకో, ఆస్పత్రి అభివృద్ధి సొసైటీ ఖాతాకో విదేశీ సంస్థ డబ్బు నేరుగా పంపేయకండి. ముందు ఎఫ్‌సీఆర్‌ఏ తెలిసిన ఆడిటరును అడగాలి. మామూలు ఇన్‌కంటాక్స్ చూసే ఆడిటరు సరిపోరు.

వాడిన యంత్రాలు కంటైనర్‌లో పంపుదామనే ఆలోచన ప్రతి గుంపులో ఎవరో ఒకరికి వస్తుంది. వద్దు. వస్తువు రూపంలో ఇచ్చేదానికీ ఈ చట్టం వర్తిస్తుంది, వాడిన వైద్య పరికరాల దిగుమతి మీద గట్టి ఆంక్షలున్నాయి, 110 వోల్టుల యంత్రం మన 230 వోల్టుల దగ్గర నేరుగా నడవదు. పేద దేశాల ఆస్పత్రుల్లో ఉన్న వైద్య పరికరాల్లో దాదాపు 40 శాతం పనిచేయడం లేదని 2011లో ఒక పరిశోధన తేల్చింది. ఇండియాలోనే, జిల్లా కేంద్రంలో సర్వీసు ఇంజినీరు ఉన్న కంపెనీదే కొనండి.

మీరున్న దేశంలో సంస్థ పెట్టాలనుకుంటే క్లుప్తంగా రెండు దేశాల సంగతి చెప్తాను. అమెరికాలో 501(సీ)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న దానసంస్థ హోదా కావాలి. ఏడాదికి రాబడి 50 వేల డాలర్లు దాటదని అంచనా వేసే చిన్న సంస్థకు 1023-ఈజెడ్ అనే చిన్న దరఖాస్తు ఉంది, ఫీజు 275 డాలర్లు. ఆ స్థాయిలో ఉన్నంతకాలం ఏటా 990-ఎన్ అనే ఈ-పోస్ట్‌కార్డు వేస్తే చాలు. కానీ వరసగా మూడేళ్ళు మరిచిపోతే హోదా దానంతటదే పోతుంది, బతిమాలినా లాభం లేదు, మళ్ళీ దరఖాస్తు చేసుకోవాల్సిందే. ఇంకొకటి, అమెరికన్ సంస్థ ఒట్టి పోస్టుమ్యాన్ లాగా డబ్బు చేరవేయకూడదు. ఏ పనికి ఇస్తున్నారో బోర్డు నిర్ణయించాలి, ఖర్చు మీద అదుపు ఉండాలి, కాగితాలు ఉండాలి. బ్రిటన్‌లో చిన్న గుంపులకు సీఐఓ (చారిటబుల్ ఇన్‌కార్పొరేటెడ్ ఆర్గనైజేషన్) రూపం అనువుగా ఉంటుంది. చారిటీగా గుర్తింపు వచ్చాక, అక్కడ పన్ను కట్టే దాత ఇచ్చిన ప్రతి పౌండుకూ గిఫ్ట్ ఎయిడ్ కింద ఇంకో 25 పెన్నీలు ప్రభుత్వం నుంచి వస్తాయి. దాత సంతకం చేసిన డిక్లరేషన్ తీసుకోవడం మరిచిపోతే ఆ డబ్బు పోయినట్టే.

కొనేముందు ఒక కాగితం

ఏ వస్తువైనా ఇచ్చేముందు ఒక పేజీ ఒప్పందం తెలుగులోనే రాసుకోండి. మాది ఇప్పుడు ఇలా ఉంటుంది: వస్తువు ఏది, ఎక్కడ పెడతారు, ఎవరు వాడతారు, రిపేరుకు ఎవరికి ఫోన్ చేయాలి, విడిభాగాలు ఎవరు కొంటారు, అది ఇక పనికిరాదని ఎవరు తేలుస్తారు. కింద సూపరింటెండెంట్ లేదా హెడ్మాస్టారి సంతకం, ముద్ర, స్టాకు రిజిస్టరు పేజీ నంబరు. ఆ నంబరు రాసేదాకా కంపెనీకి చివరి బిల్లు కట్టం. ప్రభుత్వాస్పత్రుల్లో పరికరాల మరమ్మతుకు జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఒక కార్యక్రమం నడుస్తోంది. రిజిస్టరులో ఉన్న యంత్రానికైతే ఆ సాయం అడగొచ్చు.

కోటేషన్లు మూడు తెప్పించండి. అందులో యంత్రం ధర ఒక్కటే చూడొద్దు. మూడేళ్ళ మెయింటెనెన్స్ ఒప్పందం ఎంత, ప్రోబ్ ధర ఎంత, స్టెబిలైజర్ కలిపి ఇస్తారా, కామెర్ల బిడ్డలకు పెట్టే ఫోటోథెరపీ లైటు ఎన్ని గంటలకు మార్చాలి, ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ అయితే ఫిల్టరు ఎన్నాళ్ళకు, ఇవన్నీ రాయించండి. మేం పెట్టుకున్న లెక్క, యంత్రానికి వంద రూపాయలైతే దాని పోషణకు ఇంకో ముప్పై పక్కన పెట్టడం. ఆ ముప్పై లేకపోతే వంద కూడా ఖర్చుపెట్టం.

యంత్రం కన్నా ముందు నర్సుల చేతి అలవాటు చూడండి. పుట్టగానే ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలో ఊపిరి అందించే శిక్షణ మన దేశంలో 2009 నుంచి నవజాత శిశు సురక్షా కార్యక్రమం పేరుతో ఇస్తున్నారు. కానీ ఒకసారి నేర్చుకున్నది ఏడాది పాటు చేతిలో నిలవదు. అభ్యాసం తప్పితే మాస్కు మూతికి సరిగ్గా ఆనదు, గాలి పక్కకు పోతుంది. మేం ఇచ్చిన వాటిలో నాకు చాలా ఇష్టమైనది ఒక రబ్బరు బొమ్మ. లేబర్ రూములో బల్ల మీదే ఉంటుంది. డ్యూటీ మారేటప్పుడు సిస్టర్లు దాని మూతికి మాస్కు పెట్టి నాలుగైదుసార్లు బ్యాగు నొక్కుతారు, దాని ఛాతీ లేస్తే సరిగ్గా పట్టినట్టు. బదిలీ మీద కొత్త సిస్టర్ వచ్చినా పక్కనున్నవాళ్ళే నేర్పేస్తారు.

దాతలకు ఏం చెప్పాలి

ఉన్నదున్నట్టు చెప్పండి. "నీ వంద డాలర్లు ఒక ప్రాణం నిలిపాయి" అని రాయకండి, అది మీకు తెలియదు. "ఈ ఏడాది తొమ్మిది కుర్చీలు, రెండు బ్యాటరీలు, ఒక మోటారు ఇచ్చాం. ఒక వార్మర్ ఇంకా పనిచేయడం లేదు, ప్రోబ్ ఆర్డరు పెట్టాం" అని రాయండి. మేం విరిగిన వార్మర్ ఫోటో పంపిన నెలలో ఒక్క దాత కూడా మానలేదు. ఇద్దరు, మెయింటెనెన్స్ ఖర్చు మేమే పెట్టుకుంటామని ఫోన్ చేశారు.

వార్డులో బిడ్డల మొహాలు ఫోటో తీయొద్దు. రొమ్ముకు బిడ్డను కట్టుకున్న తల్లి ఫోటో అసలే వద్దు. నెప్పులు పడి, భయంలో ఉన్న మనిషి, "ఫోటో తీసుకోవచ్చా అమ్మా?" అంటే కాదనగలదా? అది అనుమతి కాదు. కుర్చీ ఫోటో చాలు, రిజిస్టరు పేజీ ఫోటో చాలు. మీరు పనిచేసే కంపెనీ మ్యాచింగ్, అంటే మీరిచ్చినంతా తానూ వేయడం, ఇస్తుందేమో మాత్రం తప్పకుండా కనుక్కోండి. ఒక్క ఫారంతో డబ్బు రెండింతలవుతుంది.

ఏడాదికోసారి వెళ్ళినప్పుడు

సన్మానం, శాలువా, ఫ్లెక్సీ ఉంటాయని తెలిస్తే ముందే ఫోన్ చేసి వద్దని చెప్పండి. ఆ ఫ్లెక్సీ డబ్బు టీచర్లో, సిస్టర్లో వేసుకుంటారు. చెప్పకుండా వెళ్ళడం మర్యాద కాదు, కానీ ఏ రోజని చెప్పి, ఏ గంటన్నది చెప్పకపోతే చాలు.

చూడాల్సినవి: ప్రతి వస్తువునూ స్విచ్ వేసి చూడండి. కాటా మీద అర కేజీ పప్పు ప్యాకెట్ పెట్టండి, అరకేజీ చూపిస్తుందో లేదో. ఇన్వర్టర్ మెయిన్ ఆపి ఎన్ని నిమిషాలు వస్తుందో చూడాలంటే సిస్టర్‌ను అడిగి, లోపల యంత్రం మీద బిడ్డలెవరూ లేనప్పుడే చేయండి. ప్రోబ్ తీగను చివర మెడ దగ్గర వేలితో తడమండి, తెగేది ఎప్పుడూ అక్కడే. బడిలో కథల పుస్తకాల అంచులు నలిగాయా లేదా చూడండి, నలగకపోతే బీరువా తాళం ఎవరి దగ్గరుందో అడగండి. మోటారు స్టార్టరు పెట్టె తెరవండి. పోయిన ఏడాది తర్వాత సిస్టర్లు, టీచర్లు ఎవరు మారారో పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోండి.

ఈసారి సంక్రాంతికి వెళ్ళినప్పుడు అదే సిస్టర్ నన్ను టైలరు దగ్గరికి పంపింది. సాక్సు టోపీలు మానేసి, మిగిలిపోయిన మెత్తటి నూలు గుడ్డతో మూడు సైజుల్లో టోపీలు కుట్టించాలట. కేజీ బిడ్డకు, కేజీన్నరకు, రెండు కేజీలకు. కొలతలు ఒక మందుల అట్ట వెనక రాసి ఇచ్చింది. నలభై కుట్టించాం, ఉతికి, ఇస్త్రీ చేయించి ఇచ్చాం. మార్చి కల్లా ఇంకో నలభై కావాలంది.